గిర్నీ ఇంటి వకీలు చదువు

"వదినా, జర మెల్లగ మాట్లాడు. ఇది దవాఖాన."

"మెల్లగ మాట్లాడుడు నాకెప్పుడొచ్చిందే? నీకొచ్చిందా?"

"నాకూ రాలే. గని ఆ నర్సమ్మ తిడ్తది. ఇంటికి పోయి రేపు రా."

మేమిద్దరం చివరిసారి మాట్లాడుకున్న మాటలు ఇవే. మరునాడు నేను వెళ్ళేసరికి ఆ మంచం మీద దుప్పటి మార్చేశారు. సుగుణ నా ఆడబిడ్డ, నా భర్త చెల్లెలు. నేను ఈ శాలిబండ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు డిగ్రీ చదువుతోంది. తరువాత వకీలు అయింది, పెళ్ళి చేసుకుంది, కూతుర్ని కన్నది, తల మొత్తం నెరిసేదాకా నల్ల కోటు వేసుకొని కోర్టుకు పోయింది. వకీళ్ళందరూ కలిసి ఆమెకు సంతాపసభ పెట్టారు. కూతురు స్వాతి వెళ్ళి వచ్చి, నా పక్కన కూర్చొని ఎవరెవరు ఏమేమి అన్నారో చెప్పింది. ఒక పెద్దాయన మైకు పట్టుకొని, సుగుణ మేడమ్ లా కాలేజీలో అడుగుపెట్టిన రోజు నుంచి ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు, ఆమెకు సందేహమంటే ఏమిటో తెలియదు అన్నాడట. అది విని నేను ఫక్కున నవ్వాను. చావు జరిగిన ఇంట్లో ఈ నవ్వేమిటని స్వాతి బిత్తరపోయింది.

"ఏంది అత్తమ్మా, గట్ల నవ్వుతున్నవ్?"

"మీ అమ్మ మొదటి ఏడే చదువు బంద్ పెడ్తనన్నది బిడ్డా. ఆ సంగతి తెలిసినోళ్ళల్ల ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలిన."

"అమ్మనా? బంద్ పెడ్తనన్నదా? నాకు ఎన్నడు చెప్పలే." అని లేచి పోయి కాగితాలు తెచ్చుకుంది. "చెప్పు, రాస్త" అని కూర్చుంది. నాకు నా పేరు రాయడం వచ్చు, బస్సు నంబరు చదవడం వచ్చు. అంతకు మించి రాదు. కాబట్టి నేను చెబుతున్నదాన్ని స్వాతి పుస్తకాల తెలుగులో పెడుతోంది. మనుషులు ఆడిన మాటలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాయమన్నాను. వాటిని సాపు చేస్తే అది మా ఇల్లు కాదు, ఇంకెవరిదో ఇల్లు అయిపోతుంది.

మా ఇల్లంటే గిర్నీ. ముందు గదిలో పిండి పట్టే గిర్నీ, వెనక రెండు గదుల్లో మేము. మా మామ మల్లయ్య పొద్దున స్నానం చేసి ముందు రాళ్ళకు దండం పెట్టి, ఆ తరువాత దేవుని గూటి దగ్గరికి వచ్చేవాడు. పొద్దున పూట జొన్నలు, గోధుమలు. ఎండ ఎక్కాక శనగపప్పు. తరువాత పసుపు కొమ్ములు. అన్నింటికంటే చివర మిరపకాయలు. ఈ వరుస ఎన్నడూ తప్పేది కాదు, ఎందుకంటే కారం పట్టిన రాయి మీద మరొకరి జొన్నపిండి పడితే ఆ రోజు వాళ్ళింట్లో పిల్లలు రొట్టె ముట్టరు. కారం అయిపోయాక చారెడు నూకలు పోసి, నోరు పుక్కిలించినట్టు రాళ్ళను తిప్పి, ఆ ఎర్ర నూకలను పారబోసి అప్పుడు మోటరు ఆపేవాడు. కారం పట్టే వేళ గల్లీ గల్లీ అంతా తుమ్మేది. ఎదురింటి వాళ్ళు కిటికీలు మూసుకుంటూ, "మల్లయ్యా, నీ కారం పాడుగాను" అని రోజూ ఒకే తిట్టు తిట్టేవాళ్ళు. మామ రోజూ ఒకే నవ్వు నవ్వేవాడు. అప్పుడే పట్టిన గోధుమపిండికి ఒక వెచ్చటి వాసన ఉంటుంది. పసిపిల్లల మాడు వాసన వంటిది. నా చీరలు, దుప్పట్లు, చివరికి నా తలదువ్వెన కూడా అదే వాసన వేసేవి. నా భర్త కనురెప్పల మీద ఎప్పుడూ తెల్లటి పిండి. పెళ్ళిచూపుల నాడు తుడుచుకొని వచ్చాడు కాబట్టి, పెళ్ళయిన మరునాడు పొద్దున చూసి ఈయనెవరో ముసలాయన అనుకొని ఝడుసుకున్నాను.

డబ్బాల వరుస గురించి కూడా చెప్పాలి. గిర్నీ ముందు మనుషులు నిలబడరు, డబ్బాలు నిలబడతాయి. నీ డబ్బా వరుసలో పెట్టి నువ్వు కూరగాయలకు పో, పిల్లవాణ్ణి బడికి పంపు, మళ్ళీ వచ్చేసరికి నీ వంతు నీకే ఉంటుంది. సేటు ఇంటి డబ్బా అయినా, కూలివాడి డబ్బా అయినా, రంజాన్‌కు ముందు బార్కస్ నుంచి ఆటోలో వచ్చే పెద్ద గోధుమల డబ్బా అయినా, ఎవరూ జరపకూడదు. జరిపితే మామ మోటరు ఆపేవాడు. ఆ నిశ్శబ్దానికి జరిపినవాడు సిగ్గుపడి మళ్ళీ వెనక్కి పెట్టేవాడు. అంతే, ఇంకొక మాట అవసరం లేదు.

మిగిలిన వేళంతా హోరు. ఆ హోరులో బతికేవాళ్ళు అరిచే మాట్లాడతారు. మోటరు ఆగినా వాళ్ళ గొంతులు ఆగవు. అన్నం తినేటప్పుడు ఉప్పు అందుకోమని చెప్పినా అది గల్లీ చివర వినబడుతుంది. నేను పుట్టిన ఇల్లు దీనికి పూర్తిగా వ్యతిరేకం. మాదన్నపేటలో మా నాన్న దర్జీ. ఎప్పుడూ నోట్లో గుండుసూదులు పెట్టుకొని పని చేసేవాడు కాబట్టి మాట్లాడేదే తక్కువ, మాట్లాడినా పెదవులు కదలకుండా మాట్లాడేవాడు. మేమూ అట్లాగే పెరిగాము. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నేను ఏమి చెప్పినా ఎవరికీ వినబడేది కాదు. మా అత్త వచ్చిన చుట్టాలందరికీ, "పిల్ల మంచిదే గని నోరు లేదు, మూగదాన్ని అంటగట్టిన్రు" అని చెప్పుకునేది, నా ముందరే. నాకు చెవులున్నాయన్న సంగతి మరిచిపోయి. అరవడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో నా గొంతు పగిలి ఇట్లా బొంగురుపోయింది, మళ్ళీ బాగుపడలేదు. గిర్నీ మూతబడి ఇన్నేళ్ళయినా ఫోనులో నన్ను ఇప్పటికీ "చెప్పండి సార్" అంటారు.

ఇక సుగుణ సంగతి. డిగ్రీ అయ్యాక మా అత్త పంతులమ్మ పని చెయ్యమన్నది. మామ మాత్రం వకీలు చదువే చదవాలన్నాడు. కారణం ఒక్కటే. గిర్నీ హోరును దాటి వీధిలో పోయేవాణ్ణి పిలవగల గొంతు ఇంట్లో సుగుణ ఒక్కదానిదే. వకీలంటే అందరికంటే గట్టిగా అరిచేవాడని మా ఇంటిల్లిపాదీ గట్టిగా నమ్మాము. కోర్టు లోపలికి పోయిన మనిషి మాలో ఒక్కడూ లేడు మరి. "మా సుగుణ గొంతు వింటె జడ్జి కుర్చీలకెల్లి లేవాలె" అని మామ డబ్బాలు పెట్టే ప్రతివాడికీ చెప్పేవాడు. సుగుణ కూడా అదే నమ్మకంతో, కొత్త వాయిల్ చీర కట్టుకొని, మూసీ అవతల ఉన్న కాలేజీకి బస్సెక్కింది.

మొదటి రోజు సారు ఒక్కొక్కరినీ లేపి పేరు, ఉండేచోటు, తండ్రి చేసే పని అడిగాడట. సుగుణ లేచి, మోటరు మీది నుంచి మాట్లాడినట్టు, "సుగుణ! శాలిబండ! మా బాపు గిర్నీ నడుపుతడు!" అని ఒక్క కేక పెట్టింది. క్లాసు క్లాసంతా విరగబడి నవ్విందట. వెనక బెంచీ నుంచి ఎవరో, "అందుకే, మోటర్ చాలైంది" అన్నారట. సారు కూడా చిరునవ్వు నవ్వి, ఇక్కడ ఎవరికీ చెవుడు లేదమ్మా అని ఇంగ్లీషులో అన్నాడట. ఆ రోజు నుంచి ఆమె పేరు మోటర్. బస్‌స్టాపులో మోటర్, మెట్ల మీద మోటర్. సుగుణ నోరు మూసుకుంది. జవాబు తెలిసినా గొంతులోనే గొణిగేది. సారు ఏమిటి, వినబడలేదు అనేవాడు. మళ్ళీ చెప్పబోతే ఎక్కడ కేక వస్తుందోనని కూర్చుండిపోయేది. పైగా పాఠాలన్నీ ఇంగ్లీషు. పక్కన కూర్చునే అమ్మాయిలు ఇంట్లో కూడా ఇంగ్లీషులోనే అన్నం తినే రకం. ఇవేవీ ఆమె ఇంట్లో చెప్పలేదు. నేనూ పట్టించుకోలేదు. అప్పటికి నా ఒడిలో మొదటి బిడ్డ, మూడు నెలలవాడు.

నాకు చెప్పింది మిద్దె మీద. మిరపకాయలు ఆరబోసి తొడిమలు తీస్తున్నాము. ఆ పని చేసేటప్పుడు కళ్ళలో నీళ్ళు వస్తూనే ఉంటాయి కాబట్టి మొదట నేను గమనించలేదు. తీరా చూస్తే ముక్కు కూడా చీదుతోంది.

"ఏందే సుగుణా, కారమా, ఏడుపా?"

"రెండు. వదినా, నేను కాలేజీ బంద్ పెడ్త."

"ఏం పుట్టింది నీకు? బాపు వింటె పానం ఇడుస్తడు."

"బాపుకు ఏం తెలుసు? వకీలంటే అరిచేటోడు అనుకుంటుండు. ఆడ అరిస్తే నవ్వుతున్నరు. మెల్లగ మాట్లాడాలంట. మెల్లగ అంటే ఎంత మెల్లగనో నాకు తెల్వదు వదినా. మెల్లగ మాట్లాడితే నా మాట నాకే వినవడది. ఇగ ఎదుటోనికి ఏం వినవడ్తది?" అప్పుడు మొదటి రోజు కథంతా చెప్పింది. మోటర్ అన్న పేరు చెప్పేటప్పుడు మిరపకాయ తొడిమతో సహా నలిపేసింది. "ఆ చదువు మనసొంటోళ్ళకు గాదు. మన గల్లీ బడిల సోమవారం కెల్లి రమ్మన్నరు, ఒకటో తరగతికి. పిల్లలకు గట్టిగ చెప్తెనే మంచిదంట."

శనివారం కాలేజీలో ఉత్తుత్తి కోర్టు పెడుతున్నారట. కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ నిలబడి ఏదో ఒక పక్షాన వాదించాలి, సారు జడ్జిగా కూర్చుంటాడు. ఆ శనివారం వాదిస్తే వాదించినట్టు. లేకపోతే సోమవారం బడికి పోయి అక్షరాలు దిద్దిస్తుంది, ఇక మూసీ దాటదు. అది ఆమె లెక్క. ఎవరికీ చెప్పవద్దని నా చేత ఒట్టు పెట్టించుకుంది.

నాకు చదువు గురించి ఏమి తెలుసు? కానీ గొంతు గురించి తెలుసు. "నేను ఈ ఇంటికొచ్చిన నాడు నా గొంతు ఎట్లుండె?" అని అడిగాను. "పిల్లి గొంతు" అన్నది. "మరి నేను ఒర్రుడు నేర్చుకోలేదా? నువ్వు మెల్లగ మాట్లాడుడు నేర్చుకో. రెండూ నోటి పనే" అన్నాను. ఆ సాయంత్రమే మొదలుపెట్టాము. ఊయలలో మా పిల్లవాడు నిద్రపోతున్నాడు. వాడి పక్కన నిలబడి సుగుణ పాఠం అప్పజెప్పాలి, వాడు లేస్తే సుగుణ ఓడినట్టు. సుగుణ మొదలుపెట్టింది, నెమ్మదిగా అనుకుంటూనే గొంతు పెంచింది, కిటికీ రెక్కలు అదిరాయి, పిల్లవాడు కదలలేదు. గిర్నీ ఇంట్లో పుట్టినవాడు మరి, హోరు ఉంటేనే నిద్ర. సరిగ్గా ఆమె గొంతు తగ్గించి, చక్కగా, నలుగురికి నచ్చేటట్టు నాలుగు మాటలు చెప్పేసరికి కెవ్వుమని లేచాడు. మోటరు ఆగిందనుకున్నాడేమో. ఇద్దరం నేల మీద కూర్చొని కడుపు పట్టుకొని నవ్వాము. నవ్వు ఆగాక సుగుణ, "సూసినవా, నేను మంచిగ మాట్లాడితే మనింట్ల పోరగాడు సుత ఓర్చుకోడు" అన్నది.

దారి చూపింది పక్కింటి చాంద్ బీ ఖాలా. వితంతువు, బురఖాలో వచ్చి చిన్న డబ్బా పెట్టి గడప పక్కన నిలబడేది. ఆమె గొంతు చీమ గొంతు. అయినా ఆ హోరులో ఆమె చెప్పిన మాట మామకు, నా భర్తకు, లోపల రొట్టెలు కొట్టే నాకు కూడా వినబడేది. ఎట్లానో ఎన్నడూ ఆలోచించలేదు. ఆ వారం సుగుణ, నేను గడప దగ్గర కూర్చొని గమనించాము. ఒక డబ్బా అయిపోయి, పైన తొట్టిలో మరొకరి గింజలు పోసే లోపల రాళ్ళు ఒక్క క్షణం తేలికపడి హోరు తగ్గుతుంది. ఖాలా సరిగ్గా ఆ క్షణం కోసం చూసేది. అది వచ్చేదాకా నోరు మెదపదు. వచ్చిందా, "మల్లయ్య భాయ్, మేరా జరా బారీక్" అని ఒక్క మాట. సన్నగా పట్టమని. అంతే.

సుగుణ పోయి ఆమెను అడిగింది. ఖాలా నవ్వి, "బేటీ, పెహ్లే చుప్ ఠైర్నా. లోగాం ఆపీచ్ చుప్ హోతే. తబ్ బోల్నా" అన్నది. ముందు నువ్వు ఊరుకో, జనం వాళ్ళంతట వాళ్ళే ఊరుకుంటారు, అప్పుడు మాట్లాడు అని.

"వాళ్ళు చుప్ గాకుంటే ఖాలా?"

"తో ఔర్ ఠైర్నా" అన్నది ఖాలా. ఇంకా కాసేపు ఊరుకో.

శనివారం నన్ను రమ్మన్నది సుగుణ. ఒక్క తెలిసిన ముఖం ఉంటే చాలు అన్నది. కానీ ఆ రోజుల్లో చంటిబిడ్డతో కోడలు ఒంటరిగా నది దాటి పోవడం మా ఇంట్లో లేదు. పెద్దవాళ్ళు ఎవరో ఒకరు వెంట ఉండాలి. నా భర్త గిర్నీ చూసుకోవాలి కాబట్టి మామే లేచాడు. బిడ్డ వాదన చూడవచ్చునని సంబరం. చారల కమీజు ఉతికించుకున్నాడు, చెవుల్లో పిండి పోయేదాకా రుద్దుకున్నాడు.  సుగుణ మాత్రం పొద్దున పోతూ పోతూ నా చెయ్యి పట్టుకొని, "బాపును ఎన్క బెంచిల కూసోవెట్టు వదినా. నోరు తెరవనియ్యకు" అన్నది.

పెద్ద హాలు, పైన పంకాలు, ఎత్తు మీద ఒక బల్ల, దాని వెనక జడ్జిగా సారు. కింద విద్యార్థులందరూ. మేము వెనక బెంచీలో, పిల్లవాడు నా ఒడిలో. కథ ఒక బర్రె గురించి. సుగుణ నాకు ముందే చెప్పి ఉంచింది. ఒకాయన బర్రెను అమ్ముతానని, సాయంత్రం దాకా నీ కోసం ఉంచుతానని ఒకనికి మాట ఇచ్చాడు. మధ్యాహ్నానికే మరొకడికి అమ్మేశాడు. ఆ మాట నమ్మినవాడు చేతికి వచ్చిన ఇంకొక బర్రెను కూడా వదులుకున్నాడు. మాట తీసుకున్నవాడి తరఫున సుగుణ. అమ్మినవాడి తరఫున ఒక అబ్బాయి, మడత నలగని కోటు. ఇంగ్లీషు నల్లా విప్పినట్టు వచ్చింది అతనికి.

సుగుణ పేరు పిలిచారు. లేచింది. హాలంతా గుసగుస, నవ్వులు, ఎవరో నోటితో మోటరు చప్పుడు చేశారు. సుగుణ ఏమీ అనలేదు. నిలబడింది.  ఇంకా నిలబడింది. నవ్వేవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చప్పుడు చేసేవాడికి ఊపిరి అయిపోయింది. పంకా చప్పుడు ఒక్కటే మిగిలాక, ఆమె మెల్లగా, స్పష్టంగా ఇంగ్లీషులో మొదలుపెట్టింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఎవరూ నవ్వడం లేదన్నది అర్థమైంది. 

పక్కన మామ చెవికి చెయ్యి ఆనించుకున్నాడు. "కోడలా, మా పిల్ల మాట్లాడ్తుందా, ఊకె పెదువులు ఆడిస్తుందా?"

"మాట్లాడ్తుంది మామా. సప్పుడు చెయ్యకుండ్రి."

గిర్నీ మామ చెవులను ఎప్పుడో తినేసింది. మా ఇంట్లో అందరమూ అరుస్తాము కాబట్టి ఆ సంగతి ఆయనకే తెలియదు, మాకూ తెలియదు. ఖాలా రోజూ అడిగేది ఒకే మాట కాబట్టి అక్కడా బయటపడలేదు. నేను ఆయన కమీజు పట్టుకునే లోపలే లేచి నిలబడ్డాడు.

"బిడ్డా! గట్టిగ! నాకు వినవడ్తలేదు!"

హాలు పేలిపోయింది. బల్లలు చరిచి నవ్వారు. "పెద్ద మోటర్" అని ఎవరో అరిచారు. సారు బల్ల మీద చేత్తో కొట్టి, ఎవరతను, బయటకు పంపండి అన్నాడు. ద్వారం దగ్గరి ప్యూను మా వైపు నడిచాడు. మామకు ఇవేవీ వినబడలేదు, ఆయన కూతురి వైపే చూస్తూ, చెవికి చెయ్యి పెట్టుకొని, నవ్వు ముఖంతో నిలబడి ఉన్నాడు. సుగుణ ముఖం సున్నం కొట్టినట్టయింది. ఆమె పక్కన ఇంకొక తలుపు ఉంది, తెరిచే ఉంది. ఇక అయిపోయింది అనుకున్నాను. ఆ తలుపులో నుంచి పోతుంది, సోమవారం అక్షరాలు దిద్దిస్తుంది, ఈ శనివారం గురించి మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ మాట్లాడరు.

ఆమె కదలలేదు. నవ్వు ఆగేదాకా చూసింది. అది చాలాసేపటికి గాని ఆగలేదు. అప్పుడు తెలుగులో మాట్లాడింది. ఆ మాటలు నాకు ఇప్పటికీ కంఠస్థం.

"అయ్యా, ఆయన మా బాపు. గిర్నీల పనిచేసి చేసి చెవులు పోగొట్టుకున్నడు. కోర్టుల జరిగేది కోర్టుల కూసున్నోళ్ళకు వినవడాలె అని మీరే పాఠం చెప్పిన్రు. ఆయనను బయటికి పంపకుండ్రి. ఆయనకు వినవడేటట్టు మాట్లాడనీకె నాకు పర్మిషన్ ఇయ్యిండ్రి."

ప్యూను ఆగిపోయాడు. సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మామ వైపు చూశాడు, సుగుణ వైపు చూశాడు. "ఆయన్ని కూర్చోనివ్వండి" అన్నాడు. "మాట్లాడమ్మా. వినబడేట్టు మాట్లాడు."

అప్పుడు చూడాలి నా ఆడబిడ్డను. గొంతు విప్పింది. గిర్నీ మీది గొంతు, వీధిలో పోయేవాణ్ణి ఆపే గొంతు, అదే ఇంగ్లీషు. కానీ ఇప్పుడది కేక కాదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది, ఎక్కడ పెంచాలో అక్కడ పెంచుతోంది. పంకాలు తిరుగుతున్నాయో లేదో తెలియలేదు. వరండాలో పోయేవాళ్ళు ద్వారం దగ్గర గుమిగూడారు. మోటరు చప్పుడు చేసిన పిల్లవాడు ముందుకు వంగి కూర్చున్నాడు. మామ కూర్చొని, తొడ మీద చేత్తో తాళం వేస్తూ, "ఆఁ, గిప్పుడు వినవడ్తుంది" అన్నాడు. ఏ భాషలో వినబడుతోందో ఆయనకు పట్టలేదు.

బయటకు వచ్చాక మామ మొదటి మాట, "గెలిచినవా బిడ్డా?"

"ఓడిపోయిన బాపు."

"గంత గట్టిగ మాట్లాడి ఓడిపోయినవా?"

"బయానా పైసలు ముందుగాల ఇయ్యలే గదా బాపు. బయానా లేకుంటే ఉత్త మాటకు చట్టంల విలువ లేదంట. అమ్మినాయన గెలిచిండు."

మామకు కోపం వచ్చింది. బస్సు ఎక్కినా తగ్గలేదు. "మన గిర్నీల డబ్బా వెట్టినోడు బయానా ఇస్తుండా? వంతు వానిది గాదా? మాటిచ్చి బర్రెను అమ్ముకుంటె అదేం చట్టం?" అని ఆయన గొంతుతో ఆయన మాట్లాడుతుంటే బస్సంతా వింటోంది. పాల క్యాను పెట్టుకున్న ఒకాయన వెనక్కి తిరిగి, "ఏ బర్రె పెద్దాయనా?" అని అడిగాడు. మామ కథంతా చెప్పాడు. పాలాయన బయానా ఇవ్వకపోతే తప్పు కొనేవాడిదే అన్నాడు. కిటికీ పక్కన పూల బుట్ట పెట్టుకున్నామె, మాట తప్పినోని బర్రె పాలియ్యదు అన్నది. టికెట్లు కొట్టే కండక్టరు, "బయానా లేదు, బర్రె లేదు, జరుగుండ్రి" అన్నాడు. లొల్లి ముదిరింది. సుగుణ అప్పటిదాకా కిటికీలో నుంచి బయటకు చూస్తున్నది, ఉన్నట్టుండి లేచి కడ్డీ పట్టుకొని నిలబడింది.

"అన్నా, జర ఆగు. మాట నమ్మినాయన సాయంత్రం దాంక ఊకె కూసున్నడా? ఈ బర్రె వస్తదని ఇంకో బర్రెను ఇడిసిపెట్టిండు గదా. ఇప్పుడు అదీ పాయె, ఇదీ పాయె. గా నష్టం ఎవడు గట్టాలె? మాటిచ్చినోడు గాదా?"

 పాలాయన గడ్డం గోక్కొని, "గట్లయితే వేరే సంగతి" అన్నాడు. పూలామె చప్పట్లు కొట్టింది. కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకోబోయి ఆగి, "అక్క చెప్పింది కరెక్ట్. బర్రె ఆయనకే ఇయ్యాలె. చార్మినార్, చార్మినార్" అన్నాడు. సుగుణ ఆ కడ్డీ పట్టుకునే నుదుటి మీద కొట్టుకుంది. "వదినా, గీ మాట ఆడ ఎందుకు యాదికి రాలే నాకు? సార్ ముంగట చెప్పాల్సింది గిదే గదా!"

"అయితే వచ్చే శనివారం చెప్పు" అన్నాను.

ఆమె నా వైపు చూసింది.  బడి, సోమవారం, ఏదీ ఎత్తలేదు. చార్మినార్ దగ్గర దిగి, పిల్లవాణ్ణి నా చేతుల్లో నుంచి తీసుకొని, మక్కా మసీదు దాటి శాలిబండ ఎక్కేదాకా తనలో తాను వాదించుకుంటూనే నడిచింది. గల్లీ మలుపులో ఆగి, "సోమవారం నాకు టిఫిన్ గట్టు వదినా, కాలేజీకి" అన్నది. సోమవారం రెండు జొన్నరొట్టెలు, కారప్పొడి కట్టాను. ఆ తరువాత చదువు అయ్యేదాకా కడుతూనే ఉన్నాను. మోటర్ అన్న పేరు పోలేదు, పిలిచేవాళ్ళ గొంతు మారింది. ఆఖరి ఏడులో ఆ కాలేజీ పిల్లలే మా గిర్నీకి వచ్చి, డబ్బాల మీద కూర్చొని చాయ్ తాగిపోయేవాళ్ళు.

ఇప్పుడు గిర్నీ లేదు. నా భర్త పోయాక షట్టరు దించాము, ముందు గది ఫోన్లు బాగుచేసేవాళ్ళకు ఇచ్చాము. పిండి సంచుల్లో వస్తోంది, దానికి ఏ వాసనా ఉండదు, ఎవరు పట్టారో తెలియదు. గల్లీలో కారం రోజుల తుమ్ములు లేవు, తిట్లూ లేవు. ఖాలా పోయింది, మామ పోయాడు. కోర్టులో ఇప్పుడు మైకులున్నాయట, ఇంట్లో కూర్చొని ఫోనులో కూడా వాదిస్తారట. స్వాతి చెప్పింది. మంచిదే. నల్ల కోట్లు వేసుకున్న ఆడపిల్లలు బండ్ల మీద మా గల్లీలో నుంచే పోతుంటారు, చూస్తే నాకు కడుపు నిండుతుంది. కానీ చెవులు సరిగా వినబడని ముసలివాళ్ళు, ఇంగ్లీషు రానివాళ్ళు, కోర్టులో తమ కేసు గురించే మాట్లాడుతున్నారన్న సంగతి కూడా తెలియక గోడకు ఆనుకొని నిలబడేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. సుగుణ బతికినన్నాళ్ళూ జడ్జి ఏమన్నాడో వాళ్ళవైపు తిరిగి తెలుగులోనో ఉర్దూలోనో, ఆ గొంతుతోనే చెప్పేది. ఎవరైనా విసుక్కుంటే, పర్మిషన్ అడిగేది. ఇవ్వకపోతే ఊరుకొని నిలబడేది, ఇచ్చేదాకా. ఆమె పాడె లేచిన రోజు వచ్చిన వకీళ్ళ కంటే అట్లాంటి ముసలివాళ్ళే ఎక్కువ.

ఆ మైకు పట్టుకున్నాయన మంచి మనసుతోనే అన్నాడు, ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదంటే మీ అమ్మ చేసిన పనిలో సగం పోతుంది స్వాతీ. తెరిచి ఉన్న తలుపు పక్కన నిలబడి కూడా పోలేదు, ఆ మాట రాసుకో. భయం లేనిదానికి అక్కడ నిలబడడం ఏమి గొప్ప? రాశావా? కళ్ళు తుడుచుకో, కాగితం తడుస్తుంది. ఇగ చదివి వినిపియ్యి బిడ్డా. మొదటికెల్లి వద్దు. మీ అమ్మ ఓడిపోయిన కాడికెల్లి చదువు.